తెల్లగా వదిలిన గోడ

మా నరసాపురంలో కాగితం మీద నీటిరంగు పూస్తే, అది ఆరేలోగా కాఫీ కాచుకుని తాగి రావచ్చు. గోదావరి గాలి అలాంటిది. పటాన్‌చెరులో కుంచె ఎత్తేలోగా ఆరిపోయింది. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి, పిల్లల్ని తడి సంగతి మీదే కసిరి కసిరి రిటైరైనదాన్ని. అరవై ఒకటో ఏట మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టయింది.

వెళ్లొచ్చి మూడు వారాలైంది. బొమ్మలేసుకోవడానికి ఎవరైనా హంపీ వెళ్తారు, అరకు వెళ్తారు, ఫ్యాక్టరీల మధ్యకి వెళ్లడమేమిటని అడగనివాళ్లు లేరు. నాకు కొండలూ జలపాతాలూ వేసే ఓపిక లేదు. ఎండ పడిన గోడలంటే ఇష్టం. గుడి గోడైనా గోడౌను గోడైనా ఒకటే. మా వైపు ఎండకి తేమ పట్టి ఉంటుంది, గోడలకి పాచి పడుతుంది. పొడి ఎండని వేయాలని ఎన్నాళ్లుగానో ఉంది. పైగా పటాన్‌చెరులో మా పెద్దనాన్న కూతురు సుగుణక్క ఉంది. తిండికీ పడకకీ బెంగ లేదు.

ముందుగా ఒక్క సంగతి చెప్పాలి. నీటిరంగుల పెట్టెలో తెలుపు వాడకూడదని మా గురువు నియమం, నాదీ అదే. తెలుపు కావాలంటే కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. చుట్టూ నీడ వేస్తాం, వదిలేసిన చోటు ఎండగా కనబడుతుంది. ఎండ పడిన గోడను వేయడమంటే నిజానికి ఆ గోడ జోలికి పోకుండా ఉండటమే. ఈ యాత్రలో నేను చేసిన పొరపాటంతా ఈ నియమం చుట్టూనే తిరిగింది.

పటాన్‌చెరు

సుగుణక్క భర్త ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. నలభై ఏళ్ల కిందట భీమవరం నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చినవాళ్లు, ఇల్లు కట్టుకుని ఇక్కడివాళ్లయిపోయారు. అక్క మాట సగం అటూ సగం ఇటూ ఉంటుంది. "జెర ఆగవే, కాఫీ కలుపుతున్నా" అంటుంది. తనకి ఇక్కడి యాస వచ్చేసిందని చెబితే మాత్రం ఒప్పుకోదు.

"గోడలు చూడ్డానికి ఇంత దూరం రావాలిటే? మీ ఊళ్లో గోడల్లేవూ?" అని మొదటి రోజే మొదలుపెట్టింది.

"ఉన్నాయక్కా, మీ గోడలంత ఎండిపోయి లేవు."

"మా మనుషులూ ఎండిపోయారు, మమ్మల్నీ వెయ్యి" అంది.

మొదటి పూట ఒక మూతబడిన కార్ఖానా ముందు కూర్చున్నాను. దాని కప్పు రంపం పళ్లలా ఒక్కో మెట్టుగా లేచి ఉంది. ఆ మెట్లలోని అద్దాలన్నీ ఉత్తరం వైపుకే ఉన్నాయి. లోపల పనిచేసేవాళ్లకి వెలుతురు కావాలి, ఎండ తగలకూడదు, అందుకని అలా కట్టారట. కట్టినవాళ్లు ఎండని అంత జాగ్రత్తగా ఆలోచించారని తెలిసి ముచ్చటేసింది. బొమ్మ మాత్రం పాడైంది. ఆకాశానికి నీలం పూసి, రెండోసారి కుంచె ముంచేలోగా మొదటి పూత ఎండి చారలు కట్టింది. కాగితం చించి సంచీలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం బజారులో సర్వపిండి తిన్నాను, ముప్పై రూపాయలు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి, గిన్నె లోపలి గోడకి అద్ది, వేలితో చిల్లులు పెట్టి కాలుస్తారు. మా దిబ్బరొట్టెకి దూరపు చుట్టం అనుకోవచ్చు. కారం మాత్రం దగ్గర చుట్టమంత చొరవగా ఉంది. నీళ్లు తాగుతుంటే దుకాణం ఆవిడ "అలవాటు లేదా అమ్మా?" అని బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

సాయంత్రం మేడ మీద కూర్చుంటే గాలిలో మందుల వాసన వచ్చింది. అక్క చెబుతున్న మాట ఆపకుండానే లేచి కిటికీ మూసి వచ్చింది. మా ఇంట్లో దోమలకి మూస్తాం. ఆ మూసిన తీరు చూస్తే ఎన్నేళ్ల అలవాటో అర్థమైంది.

సుల్తాన్‌పూర్

రెండో రోజు ఆటోలో సుల్తాన్‌పూర్ వెళ్లాను. ఆపరేషన్లకి వాడే పరికరాలు తయారుచేసే కంపెనీలన్నీ ఒకచోట ఉన్నాయక్కడ. రోడ్లు వెడల్పు, చెట్లు ఇంకా పిల్లవి, భవనాలు అద్దంలా ఉన్నాయి. ఒక గేటు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చోగానే సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఒడిశా మనిషి, అరవయ్యేళ్లుంటాయి.

"మేడం, ఫోటో మనా హై."

"ఫోటో కాదు బాబూ, బొమ్మ."

ఆయన కాసేపు ఆలోచించి, "బొమ్మ భీ ఫోటో హై" అన్నాడు. బడిలో ఇన్నేళ్లు బొమ్మకీ ఫోటోకీ తేడా చెప్పినదాన్ని, గేటు ముందు ఓడిపోయాను.

చివరికి భవనం బదులు ఆయన్నే వేస్తానన్నాను. ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పావుగంటకోసారి లేచి, కుర్చీని రెండడుగులు జరుపుకుంటున్నాడు. గోడ నీడ జరిగినకొద్దీ ఆయనా జరుగుతున్నాడు. మట్టిలో కుర్చీకాళ్ల గుంటలు వరుసగా ఉన్నాయి, పొద్దుటినుంచీ ఎంత దూరం వచ్చాడో తెలిసేలా. ఆయన ముఖం నాకు సరిగా కుదరలేదు. ఆయన మాత్రం "బఢియా" అని మెచ్చుకుని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు మడతలకి నా ప్రాణం విలవిల్లాడింది.

పొరపాటున దిగిన ఊరు

మూడో రోజు ఆదివారం. గుమ్మడిదల మండలంలో పాత పెంకుటిళ్లు ఇంకా మిగిలున్నాయని అక్క ఇంట్లో పనిచేసే ఆవిడ చెప్పింది. పొద్దున్నే బస్సెక్కాను. కండక్టరు వేరెవరినో దిగమంటే నన్నే అనుకుని దిగేశాను. బస్సు వెళ్లిపోయాక చూస్తే ఒక వైపు టమాటా తోట, ఇంకో వైపు మందుల కంపెనీ ప్రహరీ, మధ్యలో చిన్న ఊరు. రోడ్డు వైపు ఇళ్లన్నిటి మీదా ఎర్ర పెయింటుతో ఒక అడ్డగీత, పక్కన ఒక అంకె కొట్టి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారట. గీత దాటి ముందుకున్నదంతా పోతుంది. కొన్ని ఇళ్లకి గీత పక్కగోడ మీద లేదు, వెనక గోడ మీద ఉంది. ఆ ఇళ్లు పూర్తిగా పోతాయి.

అలాంటి ఒక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపలికి చూసి ఆగిపోయాను.

మా వైపు మండువా ఇల్లంటాం, ఇక్కడ భవంతి అంటారు. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం. తూర్పు వైపు వసారాకి గూనపెంకుల కప్పు. దాని నీడ ఎదుటి గోడ మీద పడింది. నీడ అంచు తిన్నగా లేదు, పెంకుల వంపులన్నీ అలలుగా దిగి ఉన్నాయి. నీడకి పైన సున్నపు గోడ కళ్లు చెదిరేలా వెలుగుతోంది. నేను వెతుక్కుంటూ వచ్చిన ఎండ అదే.

"ఎవలు? కరెంటు బిల్లా?" అంటూ ఒకావిడ వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి, పేరు మల్లమ్మ. సంగతి చెప్పాను. "మీకు అభ్యంతరం లేకపోతే, మల్లమ్మ గారూ" అనేసరికి నవ్వింది. "గారు ఏంది, నేనేమన్న పట్వారినా? నువ్వు అను" అంది. మా ఊళ్లో కొత్త మనిషిని నువ్వంటే తప్పు, ఇక్కడ మీరంటే దూరం.

"గియ్యి అక్కా. మూడు నెలలైతె గీద్దమన్నా ఇల్లు ఉండది" అని తన బొటనవేలు చూపించింది. గోరు అంచున ఊదారంగు సిరా ఇంకా వదల్లేదు. "మొన్న ఆఫీసుకు పోయి కాయితాల మీద ఏలేసొచ్చిన. నాకు సంతకం రాదు. కొడుకు కొల్లూరు దిక్కు కిరాయి ఇల్లు సూసిండు."

కొడుకు నరేష్ లారీ డ్రైవరు, ఆ వారం పుణె వెళ్లాడు. ఇంట్లో మల్లమ్మ, నాలుగు నెలల కిందట కాపురానికొచ్చిన కోడలు స్వప్న ఉన్నారు. నేను స్టూలు వేసుకునేలోపే స్వప్న జొన్నరొట్టె, పల్లి తొక్కు పెట్టింది. తొక్కు అంటే మా వైపు అరటితొక్కే. ఇక్కడ అది పచ్చడి. బాగుందని రెండుసార్లు వేయించుకున్నాను.

గీతల్ని మల్లమ్మే చూపించింది. స్వప్న వంటింట్లో ఉంది. వెలుగుతున్న ఆ గోడ మీద ఎర్రమట్టితో అడ్డంగా గీసిన జానెడేసి గీతలు, కుడి వైపు మూడు, ఎడమ వైపు మూడు. బాగా పాతవి, వెలిసిపోయాయి. ఆమె చూపిస్తే తప్ప నాకు కనపడలేదు.

"మా ఆయన యాదయ్య గీసిండు. కంపెనీల కొలువు దొరికినప్పుడు మా ఇంట్ల గడియారం లేకుండె. ఉన్నా నాకు సూసుడు రాదు. నేను యాళ్లకు వండకపోతె బస్సు పోతుండె, ఆయన ఉపాసం పోతుండె. ఒకనాడు పొద్దుగాల గీడ నిలవడి, జాజుల ఏలు ముంచి గీసిండు. నీడ దిగి మొదటి గీతకు వస్తె అన్నం పొయ్యి మీద పెట్టు. రెండో గీతకు వస్తె డబ్బ కట్టు. మూడో గీతకు వస్తె నేను కడప దాటాలె, అన్నడు."

జాజు అంటే గోడ అడుగున పట్టీ పూసే ఎర్రమట్టి, కడప అంటే గడప. కుడి వైపువి ఇప్పుడు నడుస్తున్న చలికాలం గీతలు, ఎడమ వైపువి ఎండాకాలం గీతలు. ఎండ కాలానికో దారిన వస్తుందని యాదయ్యకి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకున్నాడు.

"మరి వానాకాలానికో?" అని అడిగాను.

"వానల ఎండ ఏడుంటది అక్కా?" అని నవ్వింది. "గా నాలుగు నెలలు పక్కింటోళ్లను అడుగుడే."

యాదయ్య కామెర్లతో పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాత మల్లమ్మ అదే కంపెనీలో తోటపనికి చేరింది. తెల్లవారకముందే వెళ్లి పదింటికి వస్తుంది. గీతల మీదికి నీడ దిగడం ఆమె చూసేది ఒక్క ఆదివారమే. ఏటా దసరాకి గోడకి సున్నం తనే వేస్తుంది, ఇంకెవరినీ వేయనివ్వదు. ఒక్కో గీత చుట్టూ చిన్న కుచ్చుతో, గీతకి తగలకుండా వేస్తుంది. ఏళ్లతరబడి సున్నం చుట్టూ పేరుకుని, గీతలు గోడలోకి రవ్వంత కూరుకుపోయినట్టున్నాయి. వేలితో తడిమితే తెలుస్తోంది.

"ఇల్లు పోతె పోనీ. బొమ్మల గీతలు రావాలె అక్కా" అంది.

వస్తాయని మాటిచ్చాను.

రెండు గంటలు వేశాను. వసారా చీకటి, పెంకుల నీడ, అడుగున జాజు పట్టీ అన్నీ కుదిరాయి. గోడని ముట్టుకోలేదు. పదేళ్లలో అంత మంచి ఎండ నా కాగితం మీదికి రాలేదు, నాకే పొంగిపోవాలనిపించింది. గీతల్లాంటి సన్న పనులు కాగితం పూర్తిగా ఆరాక, మర్నాడు వేయడం నా పద్ధతి. నరసాపురంలో అలా వేయకపోతే పాకిపోతాయి. ఇక్కడ రంగు నిమిషాల్లో ఆరిపోతోందని మూడు రోజులుగా గొణుగుతున్నదాన్ని. ఆ గీతలు అప్పుడే పెట్టేయవచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మల్లమ్మ బర్రెకి మేత వేయడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు స్వప్న వచ్చి నా వెనక నిలబడింది. చాలాసేపు చూసింది.

"టీచరమ్మా, గీ గోడకు రంగెయ్యలేదేంది?"

నేను కుంచెలు కడుగుతూ, తలెత్తకుండా, బడిలో చెప్పినట్టే చెప్పాను. "ఆ గోడ తెల్లగా ఉండాలమ్మా. ఎంత తెల్లగా ఉంటే ఎండ అంత బాగా కనపడుతుంది. రేపొచ్చి పూర్తిచేస్తాను."

"మంచిది" అంది ఆ పిల్ల.

సోమవారం

మర్నాడు నేను తలుపు దాటేసరికి సున్నపు వాసన కొట్టింది. స్వప్న గోడ ముందు నిలబడి ఉంది. మోచేతుల దాకా తెలుపు, ముఖం మీద చుక్కలు.

"సూడుండ్రి టీచరమ్మా, తెల్లగైందా? నాలుగింటికి లేసిన. జెర నీలిమందు కూడ కలిపిన."

"ఎర్ర మరకలు పోతనే లేవు. మూడు సార్లు ఏసిన."

సున్నం తడిగా ఉన్నప్పుడు అంత తెల్లగా ఉండదు, బూడిదరంగులో ఉండి వెనకాలది కనబడనిస్తుంది. ఆరినకొద్దీ తెల్లబడుతుంది. గోడ మీద ఎండ పైనుంచి దిగుతోంది. ఎండ దిగినంత మేర గోడ మల్లెపువ్వులా ఉంది, మొదటి గీత ఎక్కడుండేదో కూడా తెలియలేదు. రెండోదీ పోయింది, ఎడమ వైపు మూడూ పోయాయి. నీడలో ఇంకా తడిగా ఉన్న చోట మూడో గీత సన్నగా కనబడుతోంది. నేను పరుగున వెళ్లి తడిగుడ్డతో అక్కడ తుడిచాను. సున్నంతో పాటు జాజూ వచ్చేసింది. గోడ మీద గులాబీ రంగు మరక, గుడ్డ మీద కొంచెం ఎరుపు మిగిలాయి. తొందరపాటుతో చివరి గీతని నా చేతులారా నేనే చెరిపాను.

ఆ గీతలేమిటో చెప్పాక స్వప్న చేతిలోని కుచ్చు కింద పెట్టేసింది. "మీరే అన్నరు గదా టీచరమ్మా, తెల్లగ ఉండాలె అని. ఇల్లు బొమ్మల పడుతదంటె మంచిగుండాలె గదా అనుకున్న. మా తల్లిగారింట్ల ఫోటో తీస్తరంటె గూడ ముందుగాల సున్నం ఏస్తరు."

నేనన్నది కాగితం మీది గోడని. ఆమె విన్నది తన ఇంటి గోడని. ఆ పిల్ల తప్పు ఇసుమంత కూడా లేదు.

నా ఫోన్లో నిన్నటి ఫోటో ఒకటి ఉంది, తీసి చూశాం. చీకటి వసారా బాగా వచ్చింది, గోడ ఉన్నచోట ఒట్టి వెలుగు ఉంది. స్వప్న ఫోన్లో పెళ్లినాటి ఫోటోలు చూశాం. ఆ గోడకి అడ్డంగా పూల తెర కట్టారు. పది దాకా ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా స్వప్న నా చెయ్యి పట్టుకునేది.

మల్లమ్మ వచ్చింది. కాళ్లు కడుక్కుంది, తలెత్తింది. చూసింది.

"నేనే తెల్లగా ఉండాలన్నాను. తను నా మాట విని వేసింది" అని గబగబా చెప్పాను. స్వప్న ఏడుస్తూ "అత్తమ్మా" అంది.

మల్లమ్మ గోడ దగ్గరికి వెళ్లి కుడి వైపు అరచెయ్యి ఆనించి, మెల్లగా పైనుంచి కిందికి జరిపింది. కళ్లు మూసుకునే ఉంది. మూడు చోట్ల చెయ్యి ఆగింది. తర్వాత "పిల్లకేం ఎర్క. నేను చెప్తె గదా" అంది. ఆ మాట నాకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. తిడితే బాగుండుననిపించింది.

కాసేపటికి నావైపు తిరిగింది.

"అక్కా, బొమ్మ సూపియ్యి. దాంట్ల ఉన్నయి గదా."

అట్ట తెరిచి చూపించాను. పెంకులున్నాయి, నీడ ఉంది, కడప ఉంది, కడప పక్కన ఇత్తడి బిందె ఉంది. గోడ ఉన్నచోట తెల్ల కాగితం ఉంది.

"ఏవి?" అంది.

"ఈరోజు వేద్దామనుకున్నాను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను సామాను సర్దుకుని రోడ్డు మీదికొచ్చాను. బస్సులో సీటున్నా కూర్చోవాలనిపించలేదు.

సాయంత్రం అక్కకి చెప్పాను. ఎప్పుడూ ఎగతాళి చేసేది, ఈసారి చేయలేదు. నాకు మర్నాటి మధ్యాహ్నం రైలుకి టికెట్ ఉంది. "అది మార్చుకో. రేపు పొద్దున్నే వెళ్లి ముఖం చూపించు. నువ్వు వెళ్లిపోతే ఆ పిల్ల ఒక్కర్తే ఆ గోడ ముందు మిగుల్తుంది" అంది. నాకు వెళ్లే ధైర్యం ఆ మాటతోనే వచ్చింది.

మంగళవారం

మల్లమ్మ ఆ రోజు పనికి పోలేదు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూసో అక్కా" అని తన పక్కన గట్టు చూపించింది. స్వప్న వంటింటి గుమ్మంలో నిలబడింది, బయటికి రాలేదు.

గోడ మొత్తం నీడలో ఉంది. నిదానంగా పైన వెలుగు మొదలైంది. పెంకుల నీడ అలలుగా దిగుతోంది. మల్లమ్మ గోడ వైపు చూస్తూనే టమాటాల ధర పడిపోయిన సంగతేదో చెబుతోంది. మాట మధ్యలో లేచి లోపలికి వెళ్లింది. గిన్నె చప్పుడైంది, పొయ్యి వెలిగింది. వచ్చి కూర్చుంది.

"అన్నం పెట్టిన" అంది.

అప్పుడు గోడ వైపు చూశాను. నీడ సరిగ్గా ఆదివారం నేను చూసిన మొదటి గీత ఎత్తుకి దిగి ఉంది. గోడ మీద ఏ గుర్తూ లేదు.

ఇంకొంత సేపటికి, ఏమీ లేని చేతులనే కొంగుతో తుడుచుకుని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. డబ్బా కట్టే వేళ అయిందని నాకు తెలిసింది.

నీడ దిగుతూ దిగుతూ నా గులాబీ మరక దాకా వచ్చింది. మల్లమ్మ ఉన్నట్టుండి "ఇగో" అంది. రెండు క్షణాలకి రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ మోగింది. ఆమె చూపు గోడ మీద నుంచి కడప మీదికి వెళ్లి అక్కడే నిలిచింది.

ఉండబట్టలేక అడిగాను. "గీతలు లేకుండానే తెలుస్తోంది కదా, మల్లమ్మా?"

"ఆరేండ్ల సంది గీతలు సూసేది టైము కోసమా అక్కా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆమె లోపలికి చూసి పిలిచింది. "స్వప్నా, ఇటు రా. గిట్ల కూసో. నీడ సూడు ఏడున్నదో. గీ యాళ్లకు మీ మామ కడప దాటుతుండె." స్వప్న వచ్చి, అత్తగారికి కొంచెం దూరంగా కూర్చుంది. మల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

నేను అట్ట తెరిచి, కుంచె తడిపి, గీతలు ఎక్కడెక్కడుండాలో చెబితే వేస్తానన్నాను. మల్లమ్మ తల అడ్డంగా ఊపింది. నా రంగుల పెట్టెలోకి వంగి చూసింది. ఇరవై నాలుగు బిళ్లల్లో ఎర్రమట్టి రంగు బిళ్లని వెతికి పట్టుకుంది.

"ఇది జాజు లెక్కనే ఉన్నది" అంది.

"నిజంగా మట్టితోనే చేస్తారు దాన్ని" అన్నాను.

బొటనవేలు నీళ్లలో ముంచి ఆ బిళ్ల మీద గట్టిగా అదిమింది. గోరు అంచున సిరా ఇంకా ఉంది.

"గీ ఏలుతోనే ఇల్లు ఇచ్చిన" అంది. "గీ ఏలుతోనే తీసుకుంట."

తెల్లగా వదిలిన గోడ మీద, కుడి వైపు, కింద, ఒక్క గీత లాగింది. అది కొంచెం వణికింది, చివర్లో రంగు చాలక పలచబడింది. అది క్షణంలో ఆరిపోయింది.

"మిగిలిన రెండూ?" అని అడిగాను.

"అన్నం పెట్టుడు, డబ్బ కట్టుడు నా పనులు. నాకెర్కే. గిది ఆయన పోయే యాళ్ల" అంది.

స్వప్న రెండు చేతులతో ఆ కాగితాన్ని తీసుకుని లోపల పెట్టి వచ్చింది. ముగ్గురం వేడన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. ఏ బొమ్మ కింద అయినా నా పేరు రాసుకునే అలవాటు నాకుంది. ఆ రోజు గుర్తే రాలేదు, బస్సెక్కాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లాలనిపించలేదు.

ఇంటికొచ్చాక పెట్టె తెరిచి చూశాను. ఎర్రమట్టి బిళ్ల మధ్యలో బొటనవేలి గుంట పడి ఉంది, ముద్రలోని గీతలతో సహా, ఎండి గట్టిపడి. దాని మీద కుంచె పెట్టడానికి చేయి రాలేదు. మొన్న బజారుకి వెళ్లి ఇంకో ఎరుపు బిళ్ల కొనుక్కున్నాను.